నెగ్గినవాడిదే బల్ల

కాజీపేట, బెజవాడ, గుంతకల్లు, వాల్తేరు. ఏ పెద్ద జంక్షన్‌లో దిగినా స్టేషనుకు కూతవేటు దూరంలో రైల్వే కాలనీ, ఆ కాలనీ నడుమ ఒక ఇన్‌స్టిట్యూట్ కనిపించేవి. ముందు వరండా, లోపల పేకాట గది, పేపర్లు పరిచిన పొడుగాటి బల్ల, పండగలకు హౌసీ ఆడించే హాలు, ఆ హాల్లోనో వెనక గదిలోనో టేబుల్ టెన్నిస్ (టీటీ) బల్ల. దొరల కాలంలో తెల్లవాళ్ళ ఇన్‌స్టిట్యూట్ వేరు, మనవాళ్ళది వేరు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గోడ పడిపోయింది, ఆఫీసర్ల క్లబ్బు మాత్రం విడిగానే మిగిలింది. నేను పెరిగింది అలాంటి కాలనీలోనే.

ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవానికి సావనీరు వేసేవారు. అందులో ప్రెసిడెంటుగారి ఫొటో, సెక్రటరీ నివేదిక, వెల్ల వేయించిన ఖర్చు ఉండేవి. టీటీ గది గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. ఆ గది చరిత్రనంతా నడిపించింది ఎక్కడా రాసిపెట్టని ఒక నియమం: నెగ్గినవాడు బల్ల దగ్గరే ఉంటాడు, ఓడినవాడు వెళ్ళి బెంచీ చివర కూర్చుంటాడు. బల్ల ఒకటి, ఆడేవాళ్ళు పదిమంది. అందుకని కొత్తగా వచ్చిన కుర్రాడు తన వంతు రాగానే ఆ సాయంత్రం అందరినీ ఓడిస్తున్న మనిషికే ఎదురు నిలబడాల్సి వచ్చేది. అయిదు నిమిషాల్లో ఓడిపోయి బెంచీ ఎక్కాక చూడటం తప్ప వేరే పని లేదు. ఆయన మణికట్టు ఎప్పుడు తిప్పుతున్నాడు, బంతి పడ్డాక ఎటు జారుతోంది, కాలు ముందు కదులుతోందా, చెయ్యా... కోచ్ అన్నవాడే లేని ఊళ్ళో ఆట నేర్పింది ఆ బెంచీయే. షెడ్డులో ఫోర్‌మన్ ఎదుట తల ఎత్తని ఖలాసీ ఇక్కడ ఆయన్నే మూలమూలకూ పరిగెత్తించేవాడు. మర్నాడు షెడ్డులో మళ్ళీ ‘సార్’ అనేవాడు. కానీ సాయంత్రం జరిగిందేమిటో ఇద్దరికీ తెలుసు.

ఆ గదికి మూలస్తంభం గార్డు బాబాయి. గూడ్సు బండ్ల మీద గార్డు. చేతిలో స్పాంజి లేని పింపుల్ రబ్బరు బ్యాటు. ఎప్పటిదో, పిడికి చుట్టిన గుడ్డ చెమటకు నల్లబడి గట్టిపడింది. స్మాష్ కొట్టడం ఆయనకు గిట్టదు. బల్లకు ఆరడుగులు వెనక్కి జరిగి, వచ్చిన ప్రతి బంతినీ కిందికి కోసి చాప్ చేసి పంపేవాడు. అవతలివాడు విసిగి నెట్టుకి కొట్టేదాకా అంతే. ఎండాకాలంలో కూడా కిటికీలు మూసి, ఫ్యాను ఆపి ఆడేవాళ్ళం. అప్పటి బంతి బరువు రెండున్నర గ్రాములు, ఫ్యాను గాలికే దారి తప్పేది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళక్కూడా చొక్కాలు తడిసి వీపుకి అంటుకునేవి. ఎవరూ లేచి వెళ్ళేవారు కాదు.

స్కోరు ఎంతలో ఉన్నా కాల్‌బాయ్ సైకిల్ వరండాకి ఆనిన చప్పుడు వినబడిందంటే ఆట ఆగేది. డ్యూటీ వేళ చెప్పడానికి కాల్‌బుక్ పట్టుకుని ఇంటికి వెళ్తే, ‘ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటారు, అక్కడికే వెళ్ళు’ అని పిన్ని పంపేది. ఒకసారి పద్దెనిమిది-పద్దెనిమిది దగ్గర బాబాయి బ్యాటు బల్ల మీద పెట్టి, చెయ్యి తుడుచుకుని, పుస్తకంలో సంతకం చేసి, “గేము నీదేరా, నిలబడు” అని వెళ్ళిపోయాడు. అవతల నిలబడ్డ కుర్రాడు ఒప్పుకోలేదు. బాబాయి లైను దిగి వచ్చేదాకా ఆ గేము తేలలేదనే అన్నాడు.

అది ఇరవయ్యొక్క పాయింట్ల కాలం. ఒక్కొక్కరికి వరసగా అయిదేసి సర్వీసులు. అయిదు పాయింట్లు వెనకబడ్డా పెద్దవాళ్ళు కంగారుపడేవారు కాదు, మెల్లగా లాక్కొచ్చేవారు. 2001లో పదకొండు పాయింట్లు, రెండేసి సర్వీసులు అయ్యాయి. బెంచీ మీద వంతు తొందరగా వస్తోందని పిల్లలు సంతోషించారు, నిజమే. కానీ ఓపికతో ఆడేవాళ్ళకు ఊపిరి తీసుకునే జాగా పోయింది. నాకు ఇప్పటికీ పాత లెక్కే మేలనిపిస్తుంది. మనిషి కుదుటపడి తన ఆట చూపించడానికి పదకొండు చాలవు.

బాబాయి బ్యాటుకు కాలం చెల్లడం మొదలైంది అంతకు చాలా ముందే, 1952లో, మన బొంబాయిలోనే. ప్రపంచ పోటీలు ఆసియాలో జరగడం అదే మొదలు. జపాన్ నుంచి హిరోజీ సాతో మందపాటి స్పాంజి అంటించిన బ్యాటుతో వచ్చి పురుషుల టైటిల్ ఎగరేసుకుపోయాడు. పింపుల్ బ్యాటుకు బంతి తగిలితే టక్కుమంటుంది, ఆ చప్పుడును బట్టే దెబ్బ ఎంత బలంగా పడిందో అవతలివాడికి అందుతుంది. సాతో బ్యాటుకు చప్పుడే లేదు. ప్రపంచం అప్పుడు నేర్చుకున్న పాఠం మా గదికి చేరడానికి ఏళ్ళు పట్టింది. వేరే డివిజన్ నుంచి బదిలీ మీద వచ్చిన టికెట్ కలెక్టరు ఒకాయన స్పాంజి బ్యాటు తెచ్చిన సాయంత్రం, బెంచీ మీద అందరూ దాన్ని చేతుల్లోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశారు.

బంతుల సంగతీ చెప్పాలి. అవి సెల్యులాయిడ్‌వి, అందులో కర్పూరం కలుస్తుంది. పగిలిన బంతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే పూజగది వాసన వచ్చేది. సొట్ట పడితే పారేసేవాళ్ళం కాదు. క్యాంటీన్ నుంచి గ్లాసుడు వేడినీళ్ళు తెచ్చి అందులో వేస్తే లోపలి గాలి ఉబ్బి సొట్ట లేచేది. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది, 2014 నుంచి పెద్ద పోటీల్లో ప్లాస్టిక్ బంతి వచ్చింది. దానికి ఆ వాసన లేదు.

ఇక ఆ గదిలో జరిగిన అన్యాయం. ఆడపిల్లలకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బల్ల ఇచ్చేవారు. ఎవరూ లేని వేళ, ఎంతసేపైనా ఆడుకోవచ్చు. పెద్దమనసుతో ఇచ్చినట్టే కనిపించేది. కానీ బెంచీ లేదు, బాబాయి లేడు, ఓడించేవాళ్ళు లేరు. తమలో తామే ఆడుకుని, ఉన్నచోటే ఉండిపోయి, పదో తరగతి రాగానే మానేసేవారు. డ్రైవరుగారి అమ్మాయి ఒకతె ఎడమచేత్తో ఫోర్‌హ్యాండ్ కొడితే కిటికీలోంచి తొంగిచూసే మాకే భయం వేసేది. ఆ అమ్మాయిని ఒక్క సాయంత్రం కూడా బాబాయి ఎదుట నిలబెట్టలేదు. హైదరాబాదు అమ్మాయి సయీద్ సుల్తానా బడి వయసులోనే 1949లో జాతీయ మహిళా ఛాంపియనై, 1954 దాకా ఆ స్థానం వదలలేదు. ఆకుల శ్రీజ ఆ ఊరి నుంచే వచ్చి 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది, 2024 పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో ప్రీక్వార్టర్స్ చేరింది. ఈ ఇద్దరి మధ్య డెబ్భై ఏళ్ళు. ఆ డెబ్భై ఏళ్ళలో ఎన్ని కాలనీల్లో ఎందరు ఆడపిల్లలు మధ్యాహ్నం బల్లతో సరిపెట్టుకున్నారో!

ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాళ్ళను నేను అడిగేది కొత్త బల్ల కాదు. సాయంత్రం ఆరింటికి, ఆట రంజుగా ఉన్నవేళ, ఆడపిల్లల్ని బెంచీ మీద కూర్చోనివ్వండి. వాళ్ళ వంతు వచ్చినప్పుడు నెగ్గినవాడితోనే ఆడించండి.