దేశాచారం – సార్వభౌమ వ్రతం



స్వదేశంలో పుణ్యకార్యంగా ఎంచబడేది పరదేశంలో అమర్యాదగా పరిణమించినప్పుడు సాధకుడు దేనిని అనుసరించాలి? ఈ సంశయం నేటి ప్రవాసాంధ్రులకు మాత్రమే కలిగినది కాదు. బౌధాయన ధర్మసూత్రం తన ఆరంభంలోనే దీనిని విచారించింది. దాక్షిణాత్యులకు ప్రత్యేకమైన ఆచారాలు ఐదని అది చెబుతుంది: ఉపనయనం కానివారితో సహభోజనం, భార్యతో సహభోజనం, పర్యుషితాన్న భోజనం, మేనమామ కుమార్తెతో వివాహం, మేనత్త కుమార్తెతో వివాహం. ఔత్తరాహులకూ ఐదు ఉన్నాయి. ఉన్ని విక్రయం, మద్యపానం, రెండు దవడలకూ దంతాలున్న పశువుల వ్యాపారం, ఆయుధజీవనం, సముద్రయానం. ఒకరి ఆచారాన్ని మరొకరి దేశంలో పాటిస్తే దోషమని, ఆయా చోట్ల ఆయా దేశమే ప్రమాణమని ఒక పక్షం. గౌతముడు దీనిని అంగీకరించలేదనీ ఆ సూత్రగ్రంథమే నమోదు చేసింది.

దర్శి ప్రాంతంవారు ఈ పట్టిక వింటే చిరునవ్వు నవ్వక మానరు. పర్యుషితాన్నమంటే చద్దన్నమే కదా! మిరపకాయ కోతలకు వేకువనే చేలకు వెళ్ళే కూలీలకు అదే ఆధారం. మేనరికాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఇక సముద్రలంఘనమంటారా, సాగర్ కాలువ కింద పత్తి, మిరప పండించిన కుటుంబాల బిడ్డలకు నేడు అదే జీవనమార్గమైంది.

అట్లా అమెరికాలో డాలస్ శివారునున్న కుమార్తె ఇంటికి వెళ్ళిన దర్శి మాతృమూర్తి ఒకరి అనుభవం ఈ సందర్భంలో విచారణీయం.

దర్శిలో మరణవార్త చెవిన పడగానే చేతిలోని పని విడిచి వెళతారు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకు పిలవకున్నా వెళ్ళాలి అన్నది అక్కడి లోకోక్తి. శవం లేచేవరకు ఆ ఇంట పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగువారో బంధువులో అన్నం వండి తెస్తారు. తిరిగి వచ్చేటప్పుడు “వెళ్ళొస్తాం” అనరు. మళ్ళీ ఇటువంటి పనికే రావలసి వస్తుందన్న భావన ఆ మాటలో ఉన్నది. ఇల్లు చేరాక స్నానం చేసిన పిమ్మటే మరొక పని.

డాలస్‌లో ఎదురింటి వృద్ధుని భార్య మరణించిందని తెలిసిన ఉదయం ఆమె చీర మార్చుకుని బయలుదేరింది. రెండు నెలలుగా ఆ దంపతులు చేయి ఊపి ఆమెను పలకరించేవారు. ఇరువైపులా భాష లేదు, స్నేహం ఉన్నది. కుమార్తె ఆమెను గడపలోనే ఆపివేసింది.

“అమ్మా, ఇక్కడ అడక్కుండా పోకూడదు. ఆయన్ని కాసేపు ఒంటరిగా వదిలెయ్యడమే మర్యాద.”

“ఏందమ్మా, చావింటికి పిలిస్తేనే పోవాలా? ఆడమనిషి పోయిన ఇంట్లో ఆయన్ని ఒక్కణ్ణే వదిలేసేదీ ఒక మర్యాదేనా?”

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మూడు రోజులు తల్లీకూతుళ్ళ మధ్య మాటలు పొడిపొడిగా సాగాయి. బిడ్డ దయను మరచిందని తల్లికి ఆవేదన. తాను బ్రతుకుతున్న దేశాన్ని తల్లి అర్థం చేసుకోవడం లేదని కుమార్తెకు ఆవేదన.

నాల్గవనాడు ఆమె కిటికీలోనుంచి ఒక దృశ్యం చూసింది. ఇరుగుపొరుగువారు ఒక్కొక్కరే మూతపెట్టిన గిన్నెలతో ఆ గుమ్మానికి వస్తున్నారు. “వీళ్ళూ కూడు తెస్తారా!” అన్నది. ఆ ఒక్క మాటతో ముడి వదులైంది. కుమార్తె ఎదురింటికి సందేశం పంపి అనుమతి కోరింది. సాయంకాలం రమ్మని బదులు వచ్చింది. తల్లి కారం తగలనీయకుండా పప్పు, అన్నం వండింది.

వృద్ధుడు తలుపు తెరచి చేయి చాచాడు. పరపురుషుని చేయి తాకడం ఆమె ఎరుగదు. క్షణకాలం ఆగి, ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకున్నది. కొంతసేపు మౌనంగా కూర్చుని, మౌనంగానే లేచి వచ్చేసింది. ఆయన కలవరపడగా, దుఃఖగృహంలో సెలవు తీసుకోవడం తమ ఆచారం కాదని కుమార్తె వివరించింది. ఇల్లు చేరిన తల్లి ఎవరితోనూ ఏమీ అనకుండా స్నానం చేసింది.

ఆమె రెండు ఆచారాలు సడలించింది, రెండు నిలుపుకున్నది. సడలించినవి ఎదుటివాని మనసుకు సంబంధించినవి. నిలుపుకున్నవాటిలో మౌనానికి ఒక వివరణ చాలింది. స్నానంతో ఎదుటివానికి ప్రసక్తే లేదు. శాస్త్రం ఎరిగి ఆమె ఇట్లా చేయలేదు గాని, శాస్త్రం చెప్పినది ఇదే. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఆచార్యుడు, ప్రవర్తన విషయంలో సందేహం కలిగితే, ఆ చోటనున్న విచారశీలురు, ధర్మకాములైన బ్రాహ్మణులు అక్కడ ఎట్లా వర్తిస్తారో అట్లా వర్తించమని శిష్యునికి ఉపదేశిస్తాడు. వారికి చెప్పిన లక్షణాలలో ‘అలూక్షులు’ అన్నది ఒకటి. అంటే పరుషత్వం లేనివారు. దేశాచారాన్ని ఎవరిని చూసి నేర్చుకోవాలో ఆ విశేషణమే తేల్చుతుంది.

పతంజలి మహర్షి శౌచాన్ని నియమాలలోనూ, అహింసను యమాలలోనూ చేర్చాడు. జాతి, దేశ, కాల, సమయాల హద్దులు లేకుండా పాటించినప్పుడు యమాలు సార్వభౌమ మహావ్రతమని సాధనపాదంలో చెప్పాడు. యమాలను విడిచి నియమాలను మాత్రమే పట్టుకున్నవాడు పతితుడవుతాడని మనుస్మృతి హెచ్చరిస్తుంది. కనుక ఆచారానికీ అహింసకూ వైరుధ్యం వచ్చినచోట ఆచారమే తలవంచాలి.

ఈ అహింస పొరుగువారితో ఆగిపోదు. “ఆ దేశంవారికి ఆప్యాయత లేదు” అనే పెద్దల మాట, “మనవాళ్ళకు మర్యాద తెలియదు” అనే పిల్లల మాట, రెండూ వాగ్రూపమైన హింసలే. ఒకే కప్పు కింద ఆ మూడు దినాల పొడిమాటలు అట్టి హింసనే మోశాయి. పరదేశంలో అడుగిడిన సాధకుడు ‘ఇది మన ఆచారమా?’ అని అడిగేముందు ‘దీనివలన ఎవరి మనసు నొచ్చును?’ అని ప్రశ్నించుకోవాలి. ఆ ఎవరిలో పొరుగువాడితో పాటు కన్నతల్లి, కన్నబిడ్డ కూడా ఉన్నారు.

స్వస్తి.