కన్ను తెఱువని దీపము

దీపము పెట్టుట అనాదిగా మన చేతిలోని పని. వత్తి సవరించుట, చిమ్నీ తుడుచుట, నూనె చూచుట తల్లులు మనకు నేర్పిన విద్యలే. ఆలమూరులోని మా యింట లాంతర్లు పోయి విద్యుద్దీపములు వచ్చినను, దీపము వెలుగనప్పుడు మా యత్తగారు చెప్పుచుండెడి క్రమము మాత్రము పోలేదు. ముందు నూనె చూడవలెను. పిమ్మట వత్తి చూడవలెను. ఆ పిమ్మటనే దీపమును నిందింపవలెను. ఈ క్రమము సముద్రముల కావల నొక మోటారుకారునకు గూడ నక్కఱకు వచ్చినది. ఆ సంగతి మీకు తెలుపుచున్నాము.

మా రెండవ యమ్మాయి అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున నొక ఆసుపత్రిలో నర్సు. మా యల్లుడు ముచ్చటపడి 1995వ సంవత్సరపు మజ్దా మియాటా కారొకటి కొనెను. అది యిద్దఱు మాత్రమే కూర్చుండదగిన చిన్నకారు. దాని ముందు దీపములు పగటివేళ కానరావు. మీట నొక్కినచో రెప్పలు విప్పినట్లు పైకి లేచును. ఆర్పి మీట నొక్కినచో మరల లోనికి దిగును. ఇట్టి దాగుడు దీపములు 1936వ సంవత్సరపు కార్డ్ 810 అను అమెరికా కారునందే యుండెను. దానియందు మోటారు లేదు. లోపల కూర్చున్నవారు చేతితో పిడి త్రిప్పి దీపములను పైకి లేపవలసి యుండెను. 2004 తరువాత ఇట్టి దీపములతో కార్లను విరివిగా చేయుట ఆగిపోయెను.

గడచిన నవంబరులో అల్లుడు ఉద్యోగపు పనిమీద పెద్దకారు తీసికొని మఱియొక నగరమునకు పోయెను. అమ్మాయికి రాత్రి డ్యూటీలు. ఆ నెలాఖరున అచట సాయంత్రము నాలుగున్నరకే ప్రొద్దు గ్రుంకును. అట్టి తరుణమున ఈ చిన్నకారు కుడివైపు దీపము లేవకపోయెను. బల్బు వెలుగుచునే యున్నది. కాని మూత క్రింద కుండలో దీపమయ్యెను. ఒంటికన్ను కారుతో చీకటిలో పోవుట ప్రమాదకరము. అచటి యొక మరమ్మతు శాలవారు మోటారు మొత్తము మార్చవలెననియు, పది దినములకు గాని వీలుపడదనియు చెప్పిరి.

మా వీథిలో పొలముల మోటార్లకు వైండింగు చేయు పెద్దమనిషి యొకరు కలరు. అమ్మాయి ఫోనులో ఆ కారు ముందుభాగమును చూపగా, ఆయన మా యరుగుమీద కూర్చుండి యట్టి కారు నెన్నడును చూడకయే ప్రశ్నలారంభించిరి.

“ఆయ్, రెండోది లేస్తోందాండి అమ్మాయిగారూ?”

“లేస్తోంది బాబాయిగారూ.”

“అయితే బ్యాటరీ, మీట, ఫ్యూజు బాగున్నట్టేనండి. అవి రెండింటికీ ఒకటే కదండి. లేవనిదాంట్లో చప్పుడొస్తోందాండి?”

“ఏమీ రావడం లేదు.”

“చప్పుడుండి కదలకపోతే ఎక్కడో పట్టేసినట్టండి. అసలు చప్పుడే లేదంటే కరెంటు అందటం లేదేమోనండి.”

ఆ రాత్రికి కావలసినది మరమ్మతు కాదు, వెలుతురు. మీట నొక్కి మంచి దీపమును లేపి, ఆ దీపములను లేపెడి మోటార్ల ఫ్యూజును తీసివేయుమనిరి. ఫ్యూజు తీయనిచో మోటారు హఠాత్తుగా తిరిగి వ్రేళ్లు నలుగవచ్చును. పిమ్మట చెడిన దీపపు మోటారు మీది రబ్బరు టోపీ తీసి, దాని క్రిందనున్న గుండీని అమ్మాయి చేతితో త్రిప్పెను. దీపము మెల్లగా పైకి వచ్చెను. ఎచటను పట్టుకొనలేదు గనుక కడ్డీలు, కీళ్లు బాగున్నవనియు తేలెను. రెండు దీపములతో అమ్మాయి డ్యూటీకి పోయెను. ఆమె క్షేమముగా చేరినట్లు కబురు వచ్చువఱకు మాకు నిద్ర పట్టలేదు.

శనివారము వారికి ఉదయము ఎనిమిది గంటలు. మాకు దీపములు పెట్టు వేళ, ఆఱున్నర. అమ్మాయి టెస్టు లైటు కొని తెచ్చెను. ఫ్యూజు మరల నుంచి, మోటారు ప్లగ్గు ఊడదీసి, మీట నొక్కి పరీక్షించెను. కరెంటు వచ్చు తీగకును ఎర్తు తీగకును నడుమ నుంచగా లైటు వెలుగలేదు. ఒక కొసను కరెంటు తీగకే యుంచి, రెండవ కొసను కారు ఇనుపదేహమునకు తాకింపగా వెలిగెను. కరెంటు వచ్చుచున్నది, తిరిగిపోవు దారి తెగినది. ప్లగ్గులో చూడగా ఎర్తు సూదికి పచ్చని చిలుము పట్టియున్నది. ఫ్యూజు మరల తీసి, చిలుము గీకి, శుభ్రపఱచు ద్రవము చల్లి, ఆరనిచ్చి బిగింపగా దీపము జతదానితో పాటు లేచెను. మోటారు మార్చు పని లేకపోయెను.

మన యిండ్ల స్కూటర్లకును కార్లకును ఈ విధము చెల్లును. కాలువల తేమ గల మన సీమలో తీగల కొసలకు చిలుము పట్టుట సులభము. వారమున కొకపరి సందెవేళ బండిని గోడ కెదురుగా నిలిపి దీపములు వేసి చూడుడు. రెండు వెలుగులును గోడపై సమముగా పడవలెను. ఒకటే ఆరినచో ఆ ప్రక్కది మాత్రమే చూడుడు. రెండును ఆరినచో ఫ్యూజునుండి మొదలుపెట్టుడు. మాడిన ఫ్యూజునకు మాఱుగా అంతకంటె లావుది వేయకుడు, తీగలు కాలును. హాలోజెన్ బల్బు గాజును వట్టి వ్రేళ్లతో తాకకుడు. వ్రేళ్ల జిడ్డు వేడికి దానిని చెఱచును.

జొన్నాడ వంతెన మీదుగా చీకటిపడ్డ పిమ్మట ఇంటికి వచ్చు కొమార్తెలు నేడు మన యూళ్లలో ననేకులు కలరు. వారి చేతికి బండి తాళపుచెవి యిచ్చునాడే ఫ్యూజుపెట్టె యెచట నున్నదో చూపి, ఒకసారి వారిచేతనే తెఱిపింపుడు.