అమీర్‌పేటలో నేను నేర్చుకున్న కోర్సు

ఏమండీ, మీ ఇంట్లో మిక్సీ ఉందా? ఉండకేం, తప్పకుండా ఉంటుంది. ఎప్పుడైనా ఇలా జరిగిందా మరి? అల్లం పచ్చడికి అన్నీ వేసి, మూత బిగించి, స్విచ్చి తిప్పుతారు. మోటారు రయ్యిమని అరుస్తుంది. లోపల పచ్చడి మాత్రం కదలదు, మెదలదు. జారు ఎత్తి చూస్తే అడుగున రబ్బరు పళ్ళు అరిగిపోయి ఉంటాయి. మోటారుకి జబ్బు లేదు, బ్లేడుకి జబ్బు లేదు. మధ్యలో పట్టు జారిందంతే.

నా పాత కారుకి పట్టుకున్న జబ్బు అచ్చం అదే. "వంటల పేజీల పక్కన ఈ గేరుబాక్సు గొడవేమిటమ్మా?" అని నవ్వుకుంటున్నారు కదూ! నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి. ఈ రోజుల్లో పిల్లల్ని స్కూల్లో దింపేదీ, పెద్దవాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదీ మనమే. అందులోనూ ఆటోమేటిక్ కార్లు ఇంటింటికీ వచ్చేస్తున్నాయాయె.

మా ఇల్లు బల్కంపేట వెనక సందుల్లో. ఆషాఢమాసంలో ఎల్లమ్మ తల్లి కల్యాణం జరిగేటప్పుడు మా వీధిలో అడుగు తీసి అడుగు వేయలేం. అక్కణ్ణించి రెండు మలుపులు తిరిగితే అమీర్‌పేట. మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఆకాశం కన్నా కంప్యూటరు కోర్సుల బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. ఏ జిల్లా నుంచి వచ్చిన పిల్లాడైనా ఒక బ్యాగూ, ఒక పుస్తకం పట్టుకుని ఇక్కడే దిగుతాడు. హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్సు షాపులు, మిర్చి బజ్జీల బండ్లు. పాతవాళ్ళకి గుర్తున్న సత్యం థియేటరు ఇప్పుడు లేదు. ఆ చోట 2023లో మల్టీప్లెక్సు వచ్చింది. నడి నెత్తిన మెట్రో. 2017 నవంబరులో మియాపూర్ నుంచి, నాగోల్ నుంచి వచ్చే రెండు దారులూ అమీర్‌పేటలోనే కలిశాయి. కింద మాత్రం మన బతుకు మామూలే. సిగ్నలు, ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం.

ఆ రోడ్డు మీద గేరు మార్చి మార్చి నా ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్చి తొక్కవద్దన్నారు డాక్టరు గారు. అందుకని మావారు వెతికి వెతికి ఒక చిన్న ఆటోమేటిక్ కారు కొన్నారు. నాలుగు గేర్లది, సెకండ్ హ్యాండు. ఇప్పుడు దానికి పదిహేనేళ్ళు. మా అత్తయ్యగారికి గుండె జబ్బు. నెలకోసారి పంజాగుట్టలోని నిమ్స్‌కి తీసుకెళ్ళాలి. మావారిది పటాన్‌చెరు వైపు ఉద్యోగం, సెలవు దొరకదు. కాబట్టి ఆ కారు నాకు నగ కన్నా ఎక్కువ.

ఒక రోజు బంజారాహిల్స్‌లో బంధువుల ఇంటికి బయల్దేరాను. గ్రీన్‌లాండ్స్ వైపు నుంచి పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. ఇంజను ఒక్కసారిగా పెద్దగా అరిచింది. ముల్లు మూడు వేలు దాటింది. బండి మాత్రం నత్తలాగా పాకుతోంది. క్షణం తర్వాత వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో అందుకుంది. సాయంత్రం మావారికి చెబితే, "పాత కారు కదోయ్, ముసలితనం" అనేశారు. సరే కాబోలు అనుకున్నాను.

అదిగో, అక్కడే తప్పు చేశాను. రెండు వారాలు ఊరుకున్నాను. పొద్దున్నే బండి తీసి 'డి'లో పెడితే వెంటనే కదిలేది కాదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక కదిలేది. అపార్టుమెంటు కింద మా కారు నిలిపే చోట ఎర్రటి మరకలు కూడా కనబడ్డాయి. వాచ్‌మన్ పాన్ నమిలి ఉమ్ముతున్నాడనుకుని అతన్ని నాలుగు మాటలన్నాను కూడా! పాపం, "నేను కాదమ్మా" అని మొత్తుకుంటే వినలేదు.

ఆ నెల నిమ్స్‌కి వెళ్ళే రోజు వచ్చింది. అత్తయ్యగారు ఫైళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నారు. అమీర్‌పేట దాటేసరికే అరగంట. పంజాగుట్ట చౌరస్తాలో, ఫ్లైఓవర్ నీడలో, పచ్చ లైటు పడింది. యాక్సిలరేటరు తొక్కాను. ఇంజను గోల పెట్టింది. బండి అంగుళం కదల్లేదు. పోపు మాడినప్పటి వాసన. వెనక నూరు హారన్లు. ట్రాఫిక్ కానిస్టేబులు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు వచ్చి, 'ఎన్'లో పెట్టమని, నెట్టి పక్కకు చేర్చారు. ఎదురుగా ఆసుపత్రి కనిపిస్తూనే ఉంది. ఆటో ఎక్కి వెళ్ళాం. డాక్టరు గారు చూశారు కానీ, తిరిగొచ్చేటప్పుడు అత్తయ్యగారన్న మాట నాకు గుచ్చుకుంది. "ఇకనుంచి రెండు నెలలకోసారి వెళ్దాంలే అమ్మాయ్. నీకెందుకీ అవస్థ?"

బండిని లారీ మీదికి ఎక్కించి ఒక షెడ్డుకి పంపాం. ఇది గుర్తుపెట్టుకోండి. ఆటోమేటిక్ బండిని తాడు కట్టి ఈడ్చకూడదు. ఇంజను ఆగి ఉంటే లోపలి పంపు తిరగదు, నూనె అందదు, చక్రాలతో పాటు తిరిగే భాగాలు ఎండి పాడవుతాయి. ఇంజను బలం అందే చక్రాలు నేలకి తగలకుండా ఎత్తి తీసుకెళ్ళాలి. చిన్న కార్లలో ఎక్కువగా అవి ముందు చక్రాలే.

ఆ షెడ్డు కుర్రాడు ఒక్క చుట్టు తిప్పి, "గేరుబాక్సు పోయింది మేడమ్, మార్చాలి. ఎనభై వేలు" అన్నాడు. మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు అంతే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గేరుబాక్సులో ఏముందో చూడకుండానే పోయిందని ఎలా చెప్పాడు? మన ఇంట్లో గ్రైండరు తిరక్కపోతే ముందు బెల్టు చూస్తామా, మోటారు పారేస్తామా?

బండిని ఇంటికి తెప్పించేశాను. తెలిసినవాళ్ళ ద్వారా పంజాగుట్ట వెనక సందులో ఒక పెద్దాయన దొరికాడు. ఆటోమేటిక్ బళ్ళే చూస్తాడు. ఫోనులో ఆయన అడిగిన ప్రశ్నలు వినండి. "చల్లగున్నప్పుడు జారుతదా, వేడెక్కినంక జారుతదా? ఏ గేరుల? రివర్సు మంచిగుందా? కింద ఏమన్న కారుతుందా? ఆయిలు ఎప్పుడు మార్పిచ్చిన్రమ్మా?"

నేను పాల లెక్క పుస్తకం తీసి, వెనక పేజీలో రెండు వారాల సంగతులన్నీ రాశాను. చల్లగా ఉంటే ఆలస్యంగా పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు జారుతుంది. రివర్సు కూడా ఆలస్యమే. ఎర్రటి మరకలు. నూనె మార్చిన గుర్తే లేదు. ఆ రాత్రి కారు కింద ఒక తెల్లటి అట్టముక్క పరిచి ఉంచాను. పొద్దున చూస్తే కుంకుమ కలిపిన నూనె చుక్కల్లాంటివి! వాచ్‌మన్‌కి క్షమాపణ చెప్పి, కాఫీ ఇచ్చాను.

అట్ట మీద చుక్కల్ని ఇలా చదవాలట. రంగూ వాసనా లేని నీళ్ళయితే ఏసీవి, భయం లేదు. నల్లటి జిడ్డయితే ఇంజను ఆయిలు. పచ్చగానో గులాబీగానో ఉండి నీళ్ళలా పల్చగా ఉంటే రేడియేటరు కూలెంటు. ఎర్రగానో, పాతబడి గోధుమ రంగులోనో ఉండి, వేళ్ళ మధ్య జారితే గేరుబాక్సు నూనె.

మర్నాడు పెద్దాయన వచ్చాడు. నాకూ వివరంగా చెప్పాడు. రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటిస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా? ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఇదే ఏర్పాటు, గాలికి బదులు నూనె. లోపల గేర్లని పట్టుకునే పలచటి ప్లేట్లుంటాయి. వాటిని నొక్కి ఉంచేదీ నూనె ఒత్తిడే. చల్లబరిచేదీ అదే. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో ప్రకటించి, 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టిన 'హైడ్రామాటిక్' నాటినుంచీ నూనే ప్రాణం. నూనె తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ప్లేట్లు జారతాయి. జారితే వేడి. వేడికి నూనె మాడుతుంది, ప్లేట్లు అరుగుతాయి. అరిగితే ఇంకా జారతాయి. చూశారా, రెండు వారాలు ఊరుకుని నేనేం చేశానో!

మా కారుకి నూనె చూసే పుల్ల ఉంది. కొన్ని బళ్ళకి ఉండదు, వాటిని షెడ్డులోనే చూడాలి. బండిని చదునైన నేల మీద నిలిపి, కాస్త వేడెక్కనిచ్చి, బ్రేకు తొక్కి పట్టి ఒక్కొక్క గేరులోనూ పెట్టి తీసి, 'పి'లో ఉంచి, ఇంజను నడుస్తుండగానే చూశాడు. కొన్ని కంపెనీలు ఇంజను ఆపి చూడమంటాయి, కాబట్టి మీ బండి పుస్తకం చదవకుండా పుల్ల లాగకండి. చెయ్యి కాలే నూనె, జాగ్రత్త. కింది గీతక్కూడా అందలేదు నూనె! తెల్ల గుడ్డకి తుడిచి చూపించాడు. గోధుమ రంగు, కొంచెం మాడిన వాసన. "నల్లగ బొగ్గు తీరు ఉంటే, మెరిసే లోహప్పొడి ఉంటే నేను గూడ బాక్సు ఇప్పాలనే అందునమ్మా. ఇది అంత దూరం పోలే" అన్నాడు.

కింద దూరి చూస్తే నూనెని చల్లబరిచే కూలరుకి వెళ్ళే రబ్బరు గొట్టం పగిలి ఉంది. కంప్యూటరు తగిలించి తప్పుల జాబితా చదివాడు. నూనె దారుల్ని తెరిచి మూసే సోలెనాయిడ్లనే చిన్న మీటల్లో ఒకటి పాడైనా ఇలాగే జారుతుందట. అవి బాగానే ఉన్నాయి. గొట్టం మార్చి, పాత నూనె దింపి, మా బండి పుస్తకంలో రాసిన రకమే తెచ్చి పోశాడు. ఎర్రగా ఉంది కదా అని ఏదో ఒకటి పోయకూడదు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క రకం. ఒకసారి దింపితే నూనె అంతా రాదు, కొంత లోపలే ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్ళు నడిపాక మళ్ళీ ఒకసారి మార్చాడు.

మొత్తం ఖర్చు ఎనిమిది వేలు దాటలేదు. అయితే నిజం చెప్పాలి మీకు. బండి పూర్తిగా కొత్తదైపోలేదు. ఎండాకాలం మధ్యాహ్నం, అమీర్‌పేట సిగ్నళ్ళలో బాగా వేడెక్కాక, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇప్పటికీ ఒక చిన్న తడబాటు ఉంది. "ప్లేట్లు కొంచెం అరిగినయమ్మా. మెల్లగ నడుపుకోండ్రి. ఎక్కువైతే నాకు చెప్పుండ్రి" అన్నాడు పెద్దాయన. ఆ అరుగుదల నా రెండు వారాల బద్ధకం ఖరీదు. మొదటిరోజే కారు కింద తొంగి చూసి ఉంటే అదీ ఉండేది కాదు.

అందరికీ నాలాగే తక్కువలో తేలుతుందని చెప్పను. ప్లేట్లు పూర్తిగా కాలిపోతే బాక్సు విప్పక తప్పదు. 2014లో సెలేరియోతో మొదలై ఇప్పుడు చిన్న కార్లలో ఎక్కువగా వస్తున్న ఏఎంటీ రకమైతే కథే వేరు. అందులో ఉండేది మామూలు క్లచ్చే, తొక్కేది మాత్రం యంత్రం. అది జారితే క్లచ్చి ప్లేటు చూడాలి. కాబట్టి మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోండి. ఏ రకమైనా, జారుతున్న బండిని "ఇంకో నాలుగు రోజులు" అంటూ నడపకండి. బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కి చూసే పరీక్ష ఒకటుంది. ఎవరు చెప్పినా ఇంట్లో చేయకండి, అది తెలిసినవాళ్ళ పని. బండి పూర్తిగా ఆగకుండా 'ఆర్'లోకి, 'పి'లోకి మార్చకండి. మెకానిక్కు ఏ ధర చెప్పినా, "నూనె చూశారా? ఏ రంగులో ఉంది? నాకు చూపించండి" అని అడగండి. మనం అడిగితే తప్పేం లేదు.

మొన్న మళ్ళీ నిమ్స్‌కి వెళ్ళాం. అదే చౌరస్తా, అదే పచ్చ లైటు. గుండె దడదడలాడింది, నాదే! బండి మెత్తగా కదిలింది. వెనకనుంచి అత్తయ్యగారు, "వచ్చే నెల తారీఖు కూడా ఇప్పుడే రాయించుకుందాం అమ్మాయ్" అన్నారు. నాకంతకన్నా ఏం కావాలి?

అమీర్‌పేటకి వచ్చి ఎందరో ఏవేవో కోర్సులు నేర్చుకుంటారు. ఇన్నేళ్ళు ఇక్కడే ఉండి నేను నేర్చుకున్నది ఇదొక్కటి. సర్టిఫికెట్టు ఇవ్వలేదు, పాల లెక్క పుస్తకంలో ఒక పేజీ మిగిలింది. రేపు పొద్దున ముగ్గు వేశాక, ఒక్క నిమిషం మీ కారు కింద కూడా తొంగి చూడండి, ఏం?