ఆయాసం ఎక్కడ మొదలైంది?

ఆయాసంతో వచ్చిన మనిషి ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు చెప్పగలుగుతున్నాడన్నది క్యాజువాలిటీలో నేను ముందు చూసే సంగతి. స్టెతస్కోపు ఆ తర్వాతే. వాక్యం పూర్తి చేయగలిగితే మాకు కాస్త వ్యవధి ఉన్నట్టు. రెండు మాటలకోసారి ఆగి గాలి పీలుస్తుంటే మాత్రం చీటీ, అడ్వాన్సు సంగతులు పక్కన పెట్టి వెంటనే ఆక్సిజన్, నెబ్యులైజర్ మొదలుపెట్టాల్సిందే. ఛాతీలో పిల్లికూతలు గట్టిగా వినిపిస్తే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. మాకు భయం వేసేది ఆ కూతలు ఆగిపోయినప్పుడు. అంటే లోపల గాలి కదలడం లేదన్నమాట. రోగి నెమ్మదించినట్టు కనిపిస్తాడు, కళ్లు మూతలు పడుతుంటాయి. "ఇప్పుడే కొంచెం నిద్ర పట్టింది సార్" అంటారు వెంట వచ్చినవాళ్లు. అది నిద్ర కాదు.

అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్యలో ఉన్న ఓ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల జబ్బులు చూస్తుంటాను. ఇక్కడికి వచ్చే ఉబ్బస రోగుల్లో ఎక్కువమంది ఇదే రోడ్డు మీద బతుకుతున్నవాళ్లు: ఆటో నడిపేవాళ్లు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్లు, బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఆడపిల్లలు, మైత్రీవనం చుట్టూ హాస్టళ్లలో ఉండి కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది, అమీర్‌పేట రెండు లైన్లు కలిసే స్టేషన్ అయింది. పైన రైలెక్కిపోయేవాళ్లకు మేలే జరిగింది. కింద, ఆ స్టేషన్ కప్పుకీ రెండువైపులా ఉన్న బిల్డింగులకీ మధ్య నిలిచిపోయే పొగలో రోజంతా గడిపేవాళ్ల సంగతి వేరు.

ఒక డిసెంబరు రాత్రి ఆటో డ్రైవర్ ఒకాయన తన ఆటోనే నడుపుకుంటూ వచ్చాడు. పడుకోమంటే పడుకోలేడు. మంచం అంచున కూర్చుని, రెండు అరచేతులూ మోకాళ్ల మీద గట్టిగా ఆనించి, ముందుకు వంగి పీలుస్తున్నాడు. పీల్చినప్పుడల్లా మెడ కింద ఎముకల పక్కన గుంటలు పడుతున్నాయి. "దమ్ము... ఆడ్తలేదు... సార్." ఖాకీ చొక్కా జేబులోంచి ఆస్థాలిన్ పంపు తీసి చెవి దగ్గర ఊపి చూపించాడు. ఖాళీ. సాయంత్రం నుంచి కొడుతూనే ఉన్నాడట. మధ్యలో మెడికల్ షాపులో అడిగితే ఏవో రెండు గోలీలిచ్చారు.

తెల్లారేసరికి తేరుకున్నాడు. ఆక్సిజన్ తీసేసి టీ తాగిస్తూ అడిగాను, అసలిది ఎక్కడ మొదలైందని. తడుముకోకుండా చెప్పాడు. "పంజాగుట్ట సిగ్నల్ కాడ సార్. నాకు ఎప్పుడూ ఆడ్నే షురూ అయితది. మాపటికి బండ్లన్నీ ఆగి ఉంటయి కదా. ఆదివారం గింత ఉండదు." కేస్ షీట్ తిరగేశాను. బీడీ కాలుస్తాడా, తండ్రికి ఉబ్బసం ఉందా, ఏ వాసన పడదు, ఇంట్లో కుక్క ఉందా, అన్నీ ఉన్నాయి. ఇల్లు బోరబండ అని ఉంది. ఆయన రోజుకు పది పన్నెండు గంటలు ఊపిరి పీల్చే చోటు పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆయన చెప్పినదాంట్లో వైద్యశాస్త్రానికి విరుద్ధమైనదేమీ లేదు. డీజిల్ పొగలోని సన్నటి ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్ శ్వాసనాళాల లోపలి పొరను రేపుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఆ పొర ముందే వాచి ఉంటుంది. ఇంకొంచెం రేగితే చాలు, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, తెమడ చిక్కబడి దారి మూసేస్తుంది. చలికాలంలో రాత్రిపూట నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. పగలైతే పైకి చెదిరిపోయే పొగ మనుషుల ముక్కుల ఎత్తులోనే ఉండిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మా నెబ్యులైజర్లకు విరామం లేకపోవడానికి జలుబులతోపాటు ఇదీ కారణమే.

ఇంకో అమ్మాయి సంగతి. శ్రీకాకుళం జిల్లా నుంచి కోచింగ్‌కి వచ్చింది. హాస్టల్లో ఆమె మంచం కిటికీ పక్కన, కిటికీ కింద పక్క కాంప్లెక్స్ జనరేటర్. మూడో నెలలోనే రాత్రిపూట దగ్గు, తర్వాత ఆయాసం. ఫోన్లో తల్లి అంది: "చిన్నప్పుడుండేది బాబూ, పదేళ్లనుంచీ మళ్లీ రానేదు. పంపు మాత్రం అలవాటు చేయకండి బాబూ, పెళ్లి కావాల్సిన పిల్ల." ఈ మాట నేను వారానికోసారైనా వింటాను, విన్న ప్రతిసారీ ఓపిగ్గా అదే జవాబు చెబుతాను. పంపులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా నాళాల్లోకి పోతుంది. అలవాటయ్యేది కాదు. ప్రమాదం ఎక్కడంటే, వెంటనే ఉపశమనమిచ్చే పంపొక్కదాన్నే కొట్టుకుంటూ, వాపు తగ్గించే మందును వదిలేయడంలో. ఉపశమనమిచ్చేది బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, వాపు జోలికి పోదు. అందుకే ఆస్తమా చికిత్సకు ప్రపంచమంతా అనుసరించే 'గినా' మార్గదర్శకాలు 2019 నుంచి ఆ పంపొక్కదానితోనే సరిపెట్టే పద్ధతి వద్దంటున్నాయి. అదే ఏటి గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లెక్కల్లో ప్రపంచ ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతం, ఆస్తమా మరణాల్లో 40 శాతానికి పైనే. ఈ రెండు అంకెల మధ్య ఎడం చూస్తే నాకు కోపం వస్తుంది. చచ్చిపోనక్కర్లేని మనుషులు వాళ్లు.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం తగ్గాలని చేప ప్రసాదం కోసం ఎండలో నిలబడేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను. ఊపిరాడని బాధ ఎలాంటిదో ఆ వరుసల పొడవు చూస్తే తెలుస్తుంది. నా రోగులతో ఒక్కటే అంటాను: వెళ్తే వెళ్లండి, పథ్యం చేస్తే చేయండి, పంపు మాత్రం మానకండి.

అమ్మాయికి మంచం మార్పించాం, మందు సరిచేశాం, తగ్గింది. ఆటో ఆయనకు మార్పించడానికి ఏముంది? ఆయన కడుపు నింపేది ఆ రోడ్డే.

బార్సిలోనాలో జరిగినదొకటి ఇక్కడ చెప్పాలి. 1981 నుంచి 1987 దాకా ఆ నగరంలో 26 సార్లు, ఒక్కోసారి ఒక్క రోజులోనే, ఆస్తమా రోగులు ఎమర్జెన్సీలకు గుంపులుగా వచ్చిపడ్డారు. డాక్టర్లు రిజిస్టర్లు ముందేసుకుని ఎవరికి ఏ గంటలో, ఊళ్లో ఎక్కడ మొదలైందో పటం మీద గుర్తు పెట్టారు. గుర్తులన్నీ రేవు చుట్టూ కమ్ముకున్నాయి. ఆయా రోజుల్లో ఓడల నుంచి సోయా గింజలు దించుతున్నారు, ఒక గోదాము పైన వడపోతలు లేక ఆ దుమ్ము గాలికి ఊళ్లోకి కొట్టుకొస్తోంది. వడపోతలు బిగించారు. ఆ ఉపద్రవం ఆగింది. ఊరి గాలిలో ఏముందో పట్టిచ్చినవి క్యాజువాలిటీ రిజిస్టర్లు.

అలా రాసుకోకపోతే ఏమవుతుందో లండన్‌లో తేలింది. సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర పెరిగిన ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప మూడేళ్లలో ఇరవైకి పైగా సార్లు ఆసుపత్రి పాలై, 2013 ఫిబ్రవరిలో పోయింది. మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని 2020 డిసెంబరులో కరోనర్ తీర్పిచ్చాడు. అన్నిసార్లు ఆసుపత్రికి వెళ్లినా, రోడ్డు పొగ సంగతి ఆ తల్లికి ఏ డాక్టరూ చెప్పలేదు.

మన దగ్గర గాలిని కొలవడం లేదని కాదు. కాలుష్య నియంత్రణ మండలి పెద్దాఫీసు ఇక్కడికి కూతవేటు దూరంలో, సనత్‌నగర్‌లోనే ఉంది. కానీ సన్నటి ధూళికి ప్రమాణాలు చెప్పేది 24 గంటల సగటునీ, ఏడాది సగటునీ. ఆ ధూళి, అంటే పీఎం 2.5, రోజు సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఏ సగటైనా అర్ధరాత్రి ఖాళీ రోడ్డునూ సాయంత్రం ఏడింటి సిగ్నల్‌నూ కలిపేసి చెబుతుంది. టిఫిన్ బండాయన అర్ధరాత్రి గాలి పీల్చడు. ఆయన వాటాకు వచ్చేది ఆ సాయంత్రమే.

అందుకే మా క్యాజువాలిటీ రిజిస్టర్‌లో రెండు గడులు అదనంగా గీయించాను. ఆయాసం ఎక్కడ మొదలైంది? ఏ గంటకు? డ్యూటీ డాక్టర్లు మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే అడిగి రాస్తున్నారు. ఒక్క ఆసుపత్రి కాగితాలతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ పంజాగుట్టలో నిమ్స్, ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, సనత్‌నగర్‌లో ఈఎస్ఐ, ఇవన్నీ నాలుగైదు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. వాటి మధ్య ఇంకెన్ని నర్సింగ్ హోములో. అన్నిచోట్లా ఈ రెండు గడులు నింపి, మండలి దగ్గరున్న గంటగంట లెక్కల పక్కన పెడితే, ఏ చౌరస్తా ఏ వేళకు మనుషులను మా దగ్గరికి పంపుతోందో ఒక్క చలికాలంలో తెలుస్తుంది. అప్పుడు ట్రాఫిక్ పోలీసులకూ, జీహెచ్ఎంసీకీ ఫలానా సిగ్నల్, ఫలానా టైమ్ అని పేరు పెట్టి చెప్పగలం. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. పెన్ను పట్టుకున్న డ్యూటీ డాక్టరు, రోగి మాట తిరిగొచ్చాక ఇంకొక్క నిమిషం మంచం పక్కన నిలబడితే చాలు.