చెయ్యి బావుంది

2012లో ప్రాజెక్టు పని మీద నాలుగు నెలలు శాక్రమెంటోలో ఉన్నాను. మా రూమ్మేట్‌ది విజయవాడ, నాకంటే రెండేళ్ళు ముందొచ్చాడు. ఓ శుక్రవారం సాయంత్రం "రారా, బేస్‌బాల్ చూపిస్తా. టికెట్ చవక, గడ్డి మీద పడుకుని చూడొచ్చు" అని లాక్కెళ్ళాడు. ఊరి జట్టు పేరు రివర్ క్యాట్స్. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఇది అసలు లీగ్ కాదు, దాని కింది మెట్టు" అన్నాడు వాడు. మన రంజీ లాంటిదా అనడిగితే, "రంజీకున్న మర్యాద కూడా ఉండదురా దీనికి" అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. ప్రతి పెద్ద జట్టు కిందా సింగిల్-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని మెట్లుంటాయి. వీటన్నిటినీ కలిపి మైనర్స్ అంటారు. చిన్న ఊళ్ళు, రాత్రంతా బస్సు ప్రయాణాలు. 2023లో ఆటగాళ్ళు సంఘంగా కుదుర్చుకున్న మొదటి ఒప్పందం ప్రకారం ట్రిపుల్-ఏలో కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు. అది కూడా రెట్టింపు చేశాక! మేం గడ్డి మీద పడుకుని చూసిన కుర్రాళ్ళ జీతం మాకంటే చాలా తక్కువని అప్పుడు తెలీదు.

ఆ ఏడాదే ఆ జట్టు మీదుగా ఒకతను వెళ్ళాడు. పేరు షాన్ డూలిటిల్. నేనతన్ని చూళ్ళేదు. చూసినా గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఊరూరా తిరిగేటప్పుడు ఆ ఊళ్ళో ఉన్న చిన్న పుస్తకాల షాపులు వెతుక్కుంటూ వెళ్ళే క్రీడాకారుడని ఎక్కడో చదివితే, ఎవరబ్బా అని వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళాను. అలా తగిలింది అతని కథ.

2007లో ఓక్లాండ్ జట్టు అతన్ని ఫస్ట్ బేస్‌మన్‌గా తీసుకుంది. అంటే ముఖ్యంగా బ్యాట్ కోసం. 2009కి ఇదే శాక్రమెంటో దాకా, ఆఖరి మెట్టు దాకా వచ్చాడు. అక్కడ మోకాలు పోయింది. ఆపరేషన్, మళ్ళీ ఆపరేషన్. 2010 మొత్తం ఆడలేదు. 2011లో తిరిగొస్తుంటే మణికట్టు. దెబ్బ తగిలింది కుడి చేతికి, అతను విసిరేది ఎడమ చేత్తో. కాలేజీలో పిచర్ కూడా కాబట్టి, సరే బంతి వేసి చూడు అన్నారు. 2012 ఏప్రిల్లో సింగిల్-ఏ స్టాక్‌టన్ నుంచి మొదలుపెట్టి, మిడ్‌లాండ్, శాక్రమెంటో దాటుకుంటూ జూన్ 5న ఓక్లాండ్ తరఫున పెద్ద లీగ్‌లో బంతి పట్టుకున్నాడు. ఆ మధ్యలో మైనర్స్‌లో వేసింది 25 ఇన్నింగ్స్. అంటే 75 అవుట్లు. అందులో 48 స్ట్రైకౌట్లే. అయిదేళ్ళు బ్యాట్‌తో ఎక్కలేని చివరి మెట్టుని రెండు నెలల్లో చేత్తో ఎక్కేశాడు.

ఇలా మారినవాళ్ళు చాలామందే ఉన్నారు. క్రికెట్ పిచ్చి వల్ల నాకు ముందు తట్టిన ప్రశ్న: మన దగ్గర ప్రయాణం ఎక్కువగా రెండోవైపు కదా? రవిశాస్త్రి పదో నంబర్ నుంచి ఓపెనర్ దాకా వెళ్ళాడు. స్టీవ్ స్మిత్ లెగ్ స్పిన్నర్‌గా వచ్చాడు. నాకు తోచిన కారణం ఇది. క్రికెట్‌లో పదకొండోవాడైనా బ్యాట్ పట్టుకోక తప్పదు. కాబట్టి బౌలర్లో దాక్కున్న బ్యాటర్ ఎప్పటికో ఒకప్పటికి కంటపడతాడు. బేస్‌బాల్లో అందరూ చెయ్యక తప్పని పని విసరడం. క్యాచర్ అంటే మన కీపర్ లాంటివాడు. అతను కూర్చునే చోటి నుంచి రెండో బేస్‌కి 127 అడుగుల పైచిలుకు. బేస్ దొంగిలించడానికి పరిగెత్తేవాణ్ణి ఆపాలంటే, బంతి తన గ్లవ్‌లో పడ్డాక రెండు సెకన్లలో అక్కడికి చేరాలి. అదే పిచర్ 10 అంగుళాల మట్టి దిబ్బ మీద నిలబడి విసిరేది 60 అడుగుల 6 అంగుళాలే. బ్యాటింగ్ రాని క్యాచర్ని ఏళ్ళ తరబడి చూస్తున్న కోచ్ బుర్రలో ఈ లెక్క తిరుగుతూనే ఉంటుంది. వీడు కొట్టలేడు, కానీ చెయ్యి బావుంది.

మరి రిలీవరే ఎందుకు? మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ అయిదారు ఇన్నింగ్స్ లాగాలి, అదే బ్యాటర్లు రెండోసారి, మూడోసారి వస్తారు, మూడు నాలుగు రకాల బంతులు కావాలి. చివర్లో వచ్చే రిలీవర్ చాలాసార్లు ఒక్క ఇన్నింగే వేస్తాడు. వేగమూ, ఇంకో బంతీ ఉంటే బండి నడిచిపోతుంది. ఆలస్యంగా నేర్చుకునేవాడికి అంతకన్నా టైమెక్కడిది?

కెన్లీ జాన్సెన్ కథ ఇదే. కురసావ్ దీవి కుర్రాడు, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ దగ్గర క్యాచర్. 2009 మార్చిలో వరల్డ్ క్లాసిక్ టోర్నీలో అనామకులైన నెదర్లాండ్స్ వాళ్ళు డొమినికన్ రిపబ్లిక్‌ని రెండుసార్లు ఓడించారు, అతను ఆ జట్టులో క్యాచర్. కొన్ని నెలలు తిరక్కుండానే జట్టువాళ్ళు నువ్వింక పిచర్‌వి అన్నారు. అతనికి ఇష్టం లేదు. పరుగులు రావట్లేదని తనకి తెలియదా, తెలుసు. అయినా ఇష్టం లేదు. ఏడాది తిరిగేసరికి, 2010 జులైలో పెద్ద లీగ్‌లో ఉన్నాడు. తర్వాత 400 పైగా సేవ్‌లు, అంటే స్వల్ప ఆధిక్యాన్ని కాపాడి మ్యాచ్ ముగించిన సందర్భాలు. ఈ లెక్కలో ముందు 500, తర్వాత 600 దాటిన మొట్టమొదటి మనిషి ట్రెవర్ హాఫ్‌మన్ కూడా షార్ట్‌స్టాప్‌గా కొట్టలేక 1991లో ఇటు తిరిగినవాడే.

ఈ అంకెలన్నీ పక్కన పెట్టి నేను జాన్సెన్ 'ఇష్టం లేదు' దగ్గరే ఆగిపోయాను. దానికి కారణం ఉంది.

నేను కథలు రాసేవాణ్ణి. ఏడేళ్ళలో పదకొండు రాశాను, రెండు అచ్చయ్యాయి. 2017లో ఒక సంపాదకుడు పన్నెండోదాన్ని తిప్పి పంపుతూ, "ఏమీ అనుకోకండి. ఈ కథ కంటే, పోయిన నెల మేం వేసిన కథ మీద మీరు రాసిన ఉత్తరం చాలా బావుంది. దాన్నే కాస్త పెంచి వ్యాసంగా ఇవ్వగలరా?" అని రాశారు. ఆయన మంచి మనసుతోనే రాశారు. నేను మూడు రోజులు జవాబివ్వలేదు. నాలుగో రోజు వ్యాసం పంపాను. అది వేశారు, నలుగురు బావుందన్నారు. ఆ తర్వాత నన్ను ఎవరూ కథ అడగలేదు.

విమర్శ తక్కువ పని అనడం లేదు. చివరి ఇన్నింగ్‌లో బంతి చేతికొచ్చినప్పుడు ఉండే భయమూ మజా రెండూ ఇందులోనూ ఉన్నాయి. కానీ పని స్వభావమే మారిపోతుంది. రోజూ ఆడేవాడు రోజుకి నాలుగుసార్లు బ్యాట్‌తో వెళ్తాడు, ఒకసారి తప్పితే ఇంకోసారి ఉంటుంది. రిలీవర్ ఆరేడు ఇన్నింగ్స్ ఓ మూల షెడ్డులో కూర్చుని, ఇవాళ పిలుస్తారో లేదో తెలీకుండా వేరేవాళ్ళ ఆట చూస్తూ ఉంటాడు. వచ్చేసరికి మ్యాచ్‌లో జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది. నాకిది బాగా తెలిసిన కుర్చీ.

ఇంకోటి కూడా ఉంది. డూలిటిల్, జాన్సెన్, హాఫ్‌మన్ — నేను చెప్పినవాళ్ళంతా గెలిచినవాళ్ళు. ఇరవై మూడేళ్ళొచ్చాక, పంతొమ్మిదేళ్ళ పిల్లల మధ్య మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టి, బంతి అదుపులోకి రాక, ఓ మధ్యాహ్నం మేనేజర్ గదిలోకి పిలిపించుకుని సామాను సర్దుకున్నవాళ్ళ మీద ఎవరూ వ్యాసాలు రాయరు. నేనూ రాయలేదు, చూశారుగా. మారడం మంచిదని ఈ ముగ్గురినీ చూపించి ఎవరైనా అంటే నాకు చిరాకేస్తుంది. కానీ మూడేళ్ళ క్రితం, రాత్రి ఒంటిగంటకి ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ అవడం కోసం కూర్చుని డూలిటిల్ గురించి చదువుతూ ధైర్యం తెచ్చుకున్నదీ నేనే.

డూలిటిల్ 2019లో వాషింగ్టన్ జట్టుతో వరల్డ్ సిరీస్ గెలిచాడు. మొదటి మ్యాచ్ సేవ్ అతనిదే. 2023లో ఆట మానేశాడు. ఆ పుస్తకాల షాపుల్లో తిరిగేటప్పుడు, మోకాలు బావుండి ఉంటే ఎన్ని సిక్సర్లు, అదే, హోమ్ రన్లు కొట్టేవాణ్ణో అని అనుకునేవాడా? ఎక్కడైనా చెప్పాడేమో అని చాలా వెతికాను.

పోయిన వారం ఓ నవల మీద సమీక్ష రాస్తూ పాత పేరేదో కావాల్సొచ్చి, 'కథలు' ఫోల్డర్ తెరిచాను. పన్నెండో కథ కనబడింది. మూడో పేరాలో ఒక వాక్యం బాలేదు. సరిచేశాను. సేవ్ చేసి, సమీక్షలోకి వచ్చేశాను.