బాపు కళ్లు పచ్చబడ్డాక

ఆదివారం వీడియో కాల్‌లో మొదట గమనించింది నేను కాదు, నా రూమ్మేట్. "అంకుల్ కళ్లు పచ్చగా లేవూ?" అన్నాడు. బల్బు వెలుతురు అనుకున్నా. బాపుని ఎండలోకి రమ్మని, ఫోన్ కంటి దగ్గర పెట్టమన్నా. ముందు చెవి చూపించాడు, తర్వాత ఇంటి పైకప్పు చూపించాడు. చివరికి అమ్మ ఫోన్ లాక్కుని సరిగ్గా పట్టుకుంది. పసుపు మార్కెట్ ఉన్న జిల్లా మాది. ఆ రంగు గుర్తుపట్టడానికి డాక్టరే కానక్కర్లేదు.

"రెండు దినాల సంది జెర జరమొస్తుంది, పోతుంది. కడుపుల నొప్పంటవా, అది ఎప్పటికుండేదే గదా" అంది అమ్మ.

ఆ 'ఎప్పటికుండేదే' దగ్గరే మేమంతా మోసపోయాం. బాపు 'గ్యాస్' నా ఉద్యోగం కంటే పాతది. బోధన్ షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు, నైట్ షిఫ్టులో చాయ్ మీద చాయ్ తాగడం వల్ల వచ్చిందని ఇంట్లో అందరి నమ్మకం. నిజాం కాలంలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. బాపు కడుపునొప్పి మాత్రం మూతపడలేదు. అంగీ జేబులో ఎప్పుడూ ఒక గ్యాస్ గోలీల షీటు ఉండేది. మెడికల్ షాపాయన అడగకుండానే ఇచ్చేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా స్కానింగ్ చేయించలేదు. అడగాల్సిన కొడుకు హైదరాబాద్‌లో కూర్చుని ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ వెతుకుతున్నాడు మరి.

అదే రాత్రి జేబీఎస్‌లో బస్సెక్కా. దారిలో ఉండగానే పెద్దనాయన ఫోన్. "కామెర్లకు దవాఖాన ఎందుకురా? మా దిక్కు ఒకాయన పసరు పోస్తడు. మూడు రోజులల్ల దిగుతది." ఈ మాటను కొట్టిపారేయడం అంత సులువు కాదు, ఎందుకంటే పసరుతో తగ్గినవాళ్లు నిజంగానే ఊళ్లో ఉంటారు. కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. పేరు పసరుకు వస్తుంది. కానీ కామెర్లన్నీ ఒకటి కావు.

సోమవారం పొద్దున అమ్మానాన్న బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చేసరికి నేను ఖలీల్‌వాడీలో ఉన్నా. మా జిల్లావాళ్లకు ఆ పేరు చెబితే చాలు. సందుసందుకీ ఆసుపత్రి, మెట్టుమెట్టుకీ మెడికల్ షాపు. ముందు అల్ట్రాసౌండ్, రక్త పరీక్ష చేయించాం. పిత్తాశయంలో రాళ్లు, పైత్యరసం వెళ్లే నాళం ఉబ్బి ఉందని రిపోర్టు. బిలిరుబిన్ 6.8. మామూలుగా 1.2 లోపు ఉండాలి.

రిపోర్టులు ఫొటో తీసి, ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న దోస్తుకు పంపా. వాడిప్పుడు జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాడు. వెంటనే ఫోన్ చేశాడు.

"ఇది గ్యాస్ కాదురా. రాయి జారి నాళంలో అడ్డం పడ్డట్టుంది. జ్వరం, కామెర్లు, నొప్పి మూడూ కలిసి వచ్చినయంటే నాళంలో ఇన్ఫెక్షన్ ఉందేమో అని భయపడాలె. అది రక్తంలోకి పాకితే చాలా కష్టం. ఈఆర్‌సీపీ చేసే గ్యాస్ట్రో డాక్టర్ కావాలె. రేపు, ఎల్లుండి అనుకోకు."

ఈఆర్‌సీపీ అంటే నోట్లోంచి గొట్టం దించి, చిన్నపేగు మొదట్లో పైత్యరస నాళం తెరుచుకునే చోటికి వెళ్లి, ఆ ద్వారాన్ని కొద్దిగా కోసి రాయిని లాగేయడం. పొట్ట మీద కోత ఉండదు. కానీ చేసేవాడి చేయి తిరిగి ఉండాలి. క్లోమ గ్రంథి వాపు, రక్తస్రావం లాంటి ప్రమాదాలు ఉన్నాయి. కాబట్టి ఎవరు చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

స్కానింగ్ సెంటర్ ఎదురుగానే 'గ్యాస్ట్రో, లివర్ స్పెషలిస్ట్' అని పెద్ద బోర్డు ఉంది. "గిదే ఉంది కదా, గీడనే చూపిద్దాం" అన్నాడు బాపు. పోయాం. ఓపీ చీటీ తీసుకున్నాక దాని మీద డాక్టర్ పేరు పక్కన ఉన్న అక్షరాలు చదివా. ఎంబీబీఎస్, ఆ తర్వాత ఏదో ఫెలోషిప్, ఇంకేదో సర్టిఫికెట్. దోస్తుకు ఫొటో పంపితే ఒక్క ముక్కలో జవాబు: "డీఎం ఎక్కడ?"

అప్పటిదాకా నాకూ తెలీదు. మన దేశంలో గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, ఆపైన మూడేళ్ల డీఎం గ్యాస్ట్రోఎంటరాలజీ చేసినవాళ్లు. నేషనల్ బోర్డు దారిలో వచ్చినవాళ్లకు డీఆర్‌ఎన్‌బీ అని ఉంటుంది, పాతవాళ్లకైతే డీఎన్‌బీ. ఎంసీహెచ్ సర్జికల్ గ్యాస్ట్రో అని ఉంటే వాళ్లు ఆపరేషన్ చేసేవాళ్లు. ఎండోస్కోపీ, ఈఆర్‌సీపీ ప్రధానంగా మొదటివాళ్ల పని. పిత్తాశయం తీసేయడం రెండోవాళ్ల పని, మామూలు కేసుల్లో జనరల్ సర్జన్లూ చేస్తారు. ఈ తేడా తెలియక కుర్చీలు మారుతూ తిరిగే పేషెంట్లు ఎంతమందో.

చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంది. ఉండాలి కూడా. డాక్టర్లు దాన్ని క్లినిక్‌లో, మందుల చీటీ మీద, రసీదు మీద చూపించాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్ట్ అని చెప్పుకోకూడదని కూడా అందులోనే ఉంది. వెయిటింగ్ హాల్లో కూర్చుని నేషనల్ మెడికల్ కమిషన్ సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ తెరిచి నంబర్ కొట్టా. పేరు వచ్చింది. చదివింది ఎంబీబీఎస్ అని వచ్చింది. అంతే. ఆ రిజిస్టర్‌లో తర్వాతి డిగ్రీలు ఆలస్యంగా ఎక్కడమూ ఉంటుంది కాబట్టి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ సైట్‌లో కూడా చూశా. అక్కడా అంతే.

ఒక మాట చెప్పాలి. ఆయన దొంగ డాక్టర్ కాదు. నిజమైన ఎంబీబీఎస్. బయట కూర్చున్నవాళ్లలో సగం మందికి ఆయన ఇచ్చే మందే సరిపోతుందేమో. నాకు కోపం వచ్చింది ఆయన చదువు మీద కాదు, బోర్డు మీద. మా బాపు ఆ బోర్డునే నమ్మాడు. నాళంలో రాయితో ఇక్కడే వారం రోజులు గ్లూకోజ్ ఎక్కించుకుంటూ పడుకునేవాడు.

"ఫీజు కట్టినం గదరా" అని బాపు గొణిగాడు. చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశా.

అలా వెతికితే అదే ఖలీల్‌వాడీలో, ఏ హంగూ లేని చిన్న బోర్డు కింద, డీఎం చేసిన డాక్టరమ్మ దొరికింది. నంబర్ కొట్టి చూశా, సరిపోయింది. ఆమె రిపోర్టులు చూసి, వెంటనే సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టించి, "ఈఆర్‌సీపీకి కావాల్సిన ఎక్స్‌రే సెటప్ మా దగ్గర లేదు. ఈ రాత్రికే హైదరాబాద్ తీసుకెళ్లండి" అని చీటీ రాసిచ్చింది. తన దగ్గర లేనిది లేదని చెప్పే డాక్టర్ మీద నమ్మకం ఎంత తొందరగా కుదురుతుందో ఆ రోజు తెలిసింది.

ఇక ఇన్సూరెన్స్. మా జిల్లాలో కడుపు జబ్బు అంటే పెద్దవాళ్లకు తెలిసిన పేరు ఒకటే: డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏఐజీ. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో కూడా పండుగే. ప్రభుత్వ దవాఖానల్లో నిమ్స్, ఉస్మానియా, గాంధీలో గ్యాస్ట్రో విభాగాలున్నాయి. నాకు మాత్రం కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉంది, అందులో అమ్మానాన్న ఉన్నారు. కాబట్టి పేరున్న ఆసుపత్రి ఒక్కటే చాలదు, క్యాష్‌లెస్ కూడా కావాలి.

బాపు చేతికి సెలైన్ ఎక్కుతుంటే నేను కారిడార్‌లో ఫోన్ పట్టుకున్నా. ఇన్సూరెన్స్ యాప్‌లో నెట్‌వర్క్ జాబితా చూసి ఒక ఆసుపత్రి ఎంచుకున్నా. అక్కడి ఇన్సూరెన్స్ డెస్క్‌కు ఫోన్ చేస్తే, "ఆ కంపెనీ క్యాష్‌లెస్ ఇప్పుడు తీసుకోవట్లేదు సర్" అన్నారు. యాప్‌లో ఇంకా ఆకుపచ్చ టిక్కు ఉంది! మన దగ్గర ఇలాంటి డేటా ఉంటే క్లయింట్ ఊరుకుంటాడా? రెండో ఆసుపత్రిలో మాత్రం "ఇన్సూరెన్స్ తీసుకుంటారా" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా తీసుకుంటామనే అంటారు. కంపెనీ పేరు, టీపీఏ పేరు, గ్రూప్ పాలసీ అన్న మాట చెప్పి, "ఈఆర్‌సీపీకి, ఈ రోజుకి క్యాష్‌లెస్ ఉందా?" అని అడిగా. ఉందన్నారు. అదే మాట టీపీఏ నంబర్‌కు ఫోన్ చేసి రెండోసారి అడిగా. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ అడగొచ్చని 2024 జనవరి నుంచి 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' అని ఒకటి వచ్చింది. ఎమర్జెన్సీలో చేరితే 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. కానీ ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి కదా, రాత్రిపూట ఆ వాదన పెట్టుకునే ఓపిక లేదు.

ఇందల్వాయి టోల్‌గేట్ దాటాక అంబులెన్స్‌లో కూర్చుని బాపు ఈ-కార్డు తెరిచా. గుండె ఆగినంత పనైంది. ఆధార్‌లో ఉన్న ఇంటిపేరుకీ, కార్డులో ఉన్నదానికీ ఒక అక్షరం తేడా. పుట్టిన సంవత్సరం ఏకంగా మూడేళ్లు తేడా. తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఎన్‌రోల్‌మెంట్ చివరి రోజు సాయంత్రం, మీటింగ్ మధ్యలో, నోటికొచ్చిన సంవత్సరం కొట్టేశా. రాత్రి పదిన్నరకు హెచ్‌ఆర్ మేడమ్‌కు ఫోన్ చేసి బతిమాలితే, పాపం ఆమె పిల్లను పడుకోబెట్టి మరీ సవరణ మెయిల్ పంపింది.

అర్ధరాత్రి చేర్చుకున్నారు. తెల్లవారి ప్రీ-ఆథరైజేషన్ పంపితే టీపీఏ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: పేషెంట్‌కు మద్యం అలవాటు ఉందా? జూనియర్ డాక్టర్ వచ్చి నా ముందే అడిగింది. బాపు నా వైపు చూశాడు. మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా అందరికీ తెలిసిన, ఎవరూ మాట్లాడని సంగతి అది.

"కల్లు. అప్పుడప్పుడు" అన్నాడు.

"అప్పుడప్పుడంటే?"

"...ఐతారం. బేస్తారం."

లేదని చెప్పిద్దామా అని ఒక్క క్షణం నాకూ అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ కేసు షీట్‌లో ఒకటి, క్లెయిమ్‌లో ఒకటి ఉంటే తర్వాత తిరస్కరించడానికి అదే సాకు అవుతుంది. మత్తు ఇచ్చే డాక్టర్‌కైతే నిజం తెలియాల్సిందే. ఉన్నది ఉన్నట్టు రాశారు. జబ్బుకు కారణం రాయి అని డాక్టర్ విడిగా నోట్ పెట్టారు. అనుమతి వచ్చింది. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోపు, డిశ్చార్జ్ బిల్లు మీద మూడు గంటల్లోపు తేల్చాలని ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో చెప్పింది. మధ్యలో ప్రశ్న వచ్చింది కాబట్టి మాకు గంట దాటింది.

గది దగ్గర ఇంకో చిక్కు. పాలసీలో రోజుకు 5,000 గది పరిమితి. కౌంటర్‌లో అబ్బాయి 10,000 గది చూపించి "పైన తేడా కట్టుకుంటే చాలు" అన్నాడు. చాలదు. చాలా పాలసీల్లో గది అద్దె రెట్టింపైతే డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీల్లాంటివి కూడా సగానికి కోసేస్తారు. షేరింగ్ గదికే పోయాం. పక్క మంచం మీద కామారెడ్డి పెద్దాయన ఉండటంతో బాపుకు కాలక్షేపమూ దొరికింది.

ఆయనది ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెంచారు. ఆయన కొడుకు చెప్పిన సంగతి నేను రాసిపెట్టుకున్నా: ఆసుపత్రి ఆరోగ్యశ్రీలో ఉంటే చాలదు, ఆ విభాగానికి అనుమతి ఉండాలి. చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి, ఈ చికిత్స ప్యాకేజీలో ఉందా అని అడగాలి.

మంగళవారం మధ్యాహ్నం ఈఆర్‌సీపీ అయిపోయింది. రాయి తీసి, చిన్న స్టెంట్ పెట్టారు. జ్వరం రెండో రోజుకు దిగింది. మెలకువ రాగానే బాపు అడిగిన మొదటి మాట, "రాయేది? సూపియ్యలే?" మూడు వారాల తర్వాత సర్జన్ పిత్తాశయం తీసినప్పుడు మాత్రం ఆ రాళ్లన్నీ డబ్బాలో వేసి ఇచ్చారు. బోధన్ తీసుకెళ్లి వాడకట్టంతా చూపించాడు. తల్లిదండ్రులకు 10 శాతం మనమే కట్టాలన్న షరతు వల్ల కొంత డబ్బు చేతినుంచి పడింది, దానికి నేను సిద్ధంగానే ఉన్నా.

మొన్న రాత్రి పదకొండుకు బాపు నుంచి వాట్సాప్. మసగ్గా ఉన్న మందుల చీటీ ఫొటో, మూలలో సగం బొటనవేలు. కింద వాయిస్ మెసేజ్: "మన వెనక గల్లీ నర్సమ్మత్తకు కడుపుల మంటనట. ఈ డాక్టర్ నంబర్ జెర కొట్టి సూడు బిడ్డా. ఫొటోల నంబర్ కనవడకుంటే మల్ల తీస్త."

నంబర్ కనబడలేదు. మళ్లీ తీయమన్నా.