మా చిన్నవాడు, మా పళ్లెము

ఈ నెల మా ఇంటి సంగతే వ్రాస్తున్నాము.

మా చిన్నవానికి అయిదవ యేడు నడుస్తున్నది. గత వేసవిలో అంగన్‌వాడీ టీచరుగారు వానిని తూచి, ఎత్తు కొలిచి, "అయ్యగారూ, బాబుకు ఎత్తుకు మించిన బరువు ఉన్నది, డాక్టరుగారికి చూపించండి" అన్నారు. మాకు కోపము వచ్చింది. బొద్దుగా ఉన్నాడు, దిష్టి తగులుతుందని మందిరములో పెద్దమ్మలందరూ ముద్దుచేసే బిడ్డ! (దిష్టి మాట విశ్వాసులు అనకూడదు గాని, అంటూనే ఉంటారు.)

పట్టణములో డాక్టరుగారు పిల్లవానిని చూచింది కొంచెము సేపే. ప్రశ్నలన్నీ మమ్మునే అడిగారు. రాత్రి ఎన్నింటికి తింటారు, ఏమి తింటారు, రోజుకు ఎంత దూరము నడుస్తారు? మా రక్తము కూడ పరీక్ష చేయించారు. బిడ్డ కొరకు వెళ్లి, షుగరు మాత్రల చీటీ మేము తెచ్చుకొన్నాము.

ఇంటికి వచ్చి ఆలోచించుకొన్నాము. సాయంకాలము గృహదర్శనమునకు వెళ్తే వాడు బండి ముందు కూర్చుంటాడు. మూడు నాలుగు ఇండ్లు తిరిగితే ప్రతి ఇంట బిస్కట్లు, మిక్చరు, కూల్‌డ్రింకు. వద్దంటే వారు నొచ్చుకొంటారని మేము తింటాము, మా ప్రక్కన వాడూ తింటాడు. మందిరము రెండు వీధుల అవతలే, అక్కడికీ బండే. మేము ప్రసంగము సిద్ధపరచుకొనేటప్పుడు అల్లరి చేయకుండా వాని చేతిలో సెల్‌ఫోను పెట్టినదీ మేమే.

మూడు నాలుగేండ్ల పిల్లలు రోజుకు 3 గంటలైనా కదులుతూ ఆడాలని, అందులో ఒక గంటైనా ఆయాసము వచ్చేటట్టు ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను, టీవీ కలిపి గంటకు మించకూడదట. మా ఇంట ఈ లెక్క తలక్రిందులుగా ఉన్నది.

మొదట వానినే మార్చబోయాము. వానికి రాగిజావ పోసి, మేము పూరీలు తిన్నాము. రాగులలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైన కాల్షియము ఉన్నదని వానికి చెప్పి ఏమి లాభము? ఉమ్మివేశాడు. "త్రాగితే చాక్లెట్ ఇస్తాను" అని మా శ్రీమతి ఆశపెట్టారు. దానితో జావ శిక్ష, చాక్లెట్ బహుమానము అయిపోయినవి. మందిరమునకు నడచి రారా అంటే గుమ్మములో కూర్చుండి, "నువ్వు నడుస్తావా నాన్నా?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. మరునాటినుండి ఊరిలో తిరగడానికి బండి తీయలేదు.

ఇప్పుడు ఉదయము ముగ్గురికీ ఒకటే జావ. పిల్లలకు క్రొత్త రుచి ఎనిమిది పదిసార్లు పెడితే గాని అలవాటు కాదు. బలవంతము మాని, రెండు గుక్కలైనా సరే అని ఊరకున్నాము. మూడవ వారములో మా గ్లాసులోది అడిగి త్రాగాడు. తోటకూర మాత్రము ఇంకా ఏరివేస్తాడు. మేమూ చిన్నప్పుడు ఏరివేసినవారమే, మా అమ్మకు తెలుసు.

మొన్న ఒక ఇంట బిస్కట్ల పళ్లెము ముందు పెట్టారు. వాడు చెయ్యి చాచలేదు, మా చేతివైపు చూచాడు. మేము ఒకటి తీసుకొన్నాము. వాడూ ఒకటే తీసుకొన్నాడు.